సోమవారం మీద బేరం

ఆ వసంతం మొదట్లో నా చేతిలో ఉన్నది చెప్పుకోదగ్గంత కాదు. కొట్టంలో అమ్ముడుపోవలసిన గుర్రాలు, వాటిలో ఒకటి కుంటిది. గేరు మార్చినప్పుడల్లా మూలిగే లారీ ఒకటి. మా నాన్న సంపాదించి పెట్టిన పేరు. బేరంలో ఎదుటివాడు ఎంతవరకు దిగుతాడో అతని కళ్ళలోనే చూసి పట్టే నేర్పు. వీటితో పాటు పదమూడేళ్ళ కూతురు రూలీన్. తను ఫిబ్రవరి నుంచి బడికి వెళ్ళడం లేదు.

సరుకులో లోపం ఎక్కడుందో ముందు తెలియాలి, ఆ తర్వాతే మిగతా మాటలు. ఇక్కడ లోపం ఎక్కడుందో నాకు తెలుసు. మాది జైడ్‌లారెన్ అనే ఊరు, గుర్రాల సంత జరిగేది. అక్కడినుంచి అస్సెన్‌లోని హైస్కూలుకి గంట సైకిల్ ప్రయాణం. రూలీన్ పొద్దున్నే గుర్రాలకి మేత వేసి, ఆ చేతులతోనే సైకిల్ ఎక్కి వెళ్ళేది. ఒకరోజు క్లాసులో ఒక అమ్మాయి ముక్కు మూసుకుంది. సరదాకే. మర్నాడు ఇంకో నలుగురు మూసుకున్నారు. తర్వాత తన కుర్చీ మీద సెంటు చల్లడం మొదలైంది. తను వచ్చి కూర్చోగానే పక్క కుర్చీలు దూరం జరిగేవి. రూలీన్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తలస్నానం చేయడం మొదలుపెట్టింది. కొట్టం వైపు రావడం మానేసింది. ఫిబ్రవరిలో ఒక పొద్దున సగం దారిలో సైకిల్ వెనక్కి తిప్పుకుని ఇంటికి వచ్చి, తడిసిన కోటుతోనే మంచం మీద పడుకుంది. బడి అక్కడితో ఆగిపోయింది.

పిల్లలకి ధైర్యం నేర్పే వర్క్‌షాప్ ఒకటుందని కనుక్కున్నది నా భార్య తీనెకే. వృద్ధాశ్రమంలో నర్సు. ఎవరికి ఏ మందు పడుతుందో తనకు తెలుసని తన నమ్మకం. మా ఊరి స్పోర్ట్స్ హాల్లోనే, బుధవారం మధ్యాహ్నాలు, బడులు లేనప్పుడు. క్లాసులో నోరు మెదపలేని పిల్లలకి, ఎవరైనా తోస్తే పడిపోయే పిల్లలకి. నేర్పేది మార్లూస్ అనే ఆవిడ, ఒకప్పుడు జూడో ఆడేదట. కాళ్ళు నేలకి పాతినట్టు నిలబడడం, ఎదుటివాడి కళ్ళలోకి చూడడం, కడుపులోంచి "ఆగు" అని అరవడం నేర్పుతుంది.

"అరవడం నేర్పడానికి ఒక మనిషా? నాతో సంతకి పంపు, సాయంత్రానికి నేర్చుకుంటుంది" అన్నాను.

"నీతో సంతకి వస్తే అరవడంతో పాటు అబద్ధాలు కూడా నేర్చుకుంటుంది" అంది తీనెకే.

రూలీన్ వెళ్ళింది. మానకుండా వెళ్ళింది కూడా. ఇంటికొచ్చాక మాత్రం ఏమీ చెప్పేది కాదు. ఒకసారి వంటింట్లో తీనెకే వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే, రూలీన్ రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి నిలబడింది. అదొక్కటే నాకు కనిపించిన లాభం.

ఆఖరి బుధవారం తల్లిదండ్రులు రావాలని కబురొచ్చింది. ఆరోజు ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ అరచేత్తో పైన్ చెక్కని విరగ్గొట్టాలి. తమని ఆపుతున్నదేమిటో దాని మీద రాసి మరీ విరగ్గొట్టాలి. చెక్కని పట్టుకునేది అమ్మో నాన్నో. మా వైపు పిల్లల వర్క్‌షాపులు చాలావరకు ఇలాగే ముగుస్తాయి. విరిగిన రెండు ముక్కలూ పిల్లలు ఇంటికి తీసుకెళ్ళి గోడకి తగిలించుకుంటారు.

దానికి రెండు రోజుల ముందు, సోమవారం సాయంత్రం, నేను వంటింట్లో బూట్లు విప్పుతుంటే రూలీన్ వచ్చి ఎదురుగా నిలబడింది.

"నాన్నా, చెయ్యి పట్టు."

తల ఎత్తి చూశాను. తను అరచెయ్యి పైకెత్తి ఉంది.

మా సంతలో గుర్రం ధర ఉత్త నోటితో చెప్పం. ధర చెప్పినవాడు ఎదుటివాడి అరచేతి మీద చరుస్తాడు. ఎదుటివాడు తన ధర చెప్పి తిరిగి చరుస్తాడు. చరుపు చరుపుకీ ధర కదులుతుంది. ఆఖరి చరుపుకి ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకుంటే బేరం కుదిరినట్టు. కాగితం అక్కర్లేదు, సాక్షి అక్కర్లేదు. అలా చెయ్యి పట్టి మాట తప్పినవాడికి మళ్ళీ ఎవరూ గుర్రం అమ్మరు. ఇందులో ఒక మర్యాద కూడా ఉంది. ఎదుటివాడి చెయ్యి పడే క్షణంలో మన చెయ్యి కాస్త వెనక్కి పోవాలి. లేకపోతే చీకటి పడేసరికి ఇద్దరి చేతులూ వాచిపోతాయి. రూలీన్ ఇదంతా నడక నేర్చినప్పటినుంచీ చూస్తూనే ఉంది.

"దేనికి బేరం?" అన్నాను.

"బుధవారం చెక్క విరిగితే సోమవారం బడికి వెళ్తాను. మా క్లాసుకే. సైకిల్ మీద, ఒక్కదాన్నే." చరిచింది.

"విరక్కపోతే?" నేను చరిచాను.

"విరక్కపోతే బడి గురించి ఇంక నన్ను అడగకూడదు. నువ్వూ అమ్మా ఇద్దరూ. ఎప్పటికీ."

"అమ్మ తరఫున నేనెలా మాటిస్తాను?"

"అమ్మని అడిగే గుర్రాలు కొంటున్నావా ఏంటి?"

నవ్వొచ్చింది. ఆ నవ్వే నన్ను ముంచింది. నవ్వుతున్నవాడు 'ఎప్పటికీ' అన్న మాటని సరిగ్గా తూకం వేయడు. పైగా చాలాకాలానికి పిల్ల తనంతట తాను నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. పట్టుకున్నాను.

ఆ రాత్రి సంగతి విని తీనెకే గిన్నె కడుగుతున్నదల్లా ఆపేసింది. "హార్మ్, కూతురితో గుర్రాల బేరమా? విరక్కపోతే ఏం చేస్తావ్?"

"విరుగుతుంది. పదేళ్ళ పిల్లలు కూడా విరగ్గొడుతున్నారు."

"విరక్కపోతే?"

మర్నాటికి ఒక జవాబు తయారుచేశాను. షెడ్డులో అదే కొలతకి ఒక చెక్క కోసి, వెనకవైపు రంపంతో అడ్డంగా సన్నటి గాటు పెట్టాను. గాటు కనిపించకుండా రంపపు పొట్టు, మైనం కలిపి పూసి, గుడ్డతో రుద్దాను. పిచ్చుక వాలినా విరిగేటట్టు. ఒక పిల్లని బడికి పంపడానికి ఆమాత్రం మోసం చెల్లుతుందని లెక్క వేసుకున్నాను.

బుధవారం హాలు నిండింది. తల్లిదండ్రులు గోడల వెంట పొట్టి బెంచీల మీద, మోకాళ్ళు గడ్డాలకి తగిలేలా కూర్చున్నారు. కాఫీ, మనిషికొక బిస్కెట్. మార్లూస్ మధ్యలో చెక్కల దొంతర పెట్టింది. నా చెక్క నా కోటు లోపల ఉంది.

ముందు తైమెన్ అనే కుర్రాడు లేచాడు. వాళ్ళ నాన్న బెరెండ్ నాకు పాత స్నేహితుడు, ఆవుల ఆసామి, తలుపంత మనిషి. చెక్క పట్టుకుని, "మెల్లిగా రా నాయనా, నాకు సాయంత్రం పాలు పితకాలి" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత హాలంతా ఒక్క గొంతుతో "మూడు! రెండు! ఒకటి!" అని లెక్కపెట్టింది. ఫట్! తైమెన్ రెండు ముక్కలూ తల మీదికి ఎత్తాడు. వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు. ఫట్, ఫట్. ఒక్కోసారి రెండో దెబ్బకి విరిగేది. మూడు దెబ్బలు దాటకూడదని మార్లూస్ నియమం. చేతులు పాడవుతాయి.

"రూలీన్" అంది మార్లూస్.

నేను ముందుగానే లేచి, దొంతర మీదినుంచి తీసినట్టు నటిస్తూ నా చెక్కని రూలీన్ చేతికిచ్చాను. తను దాన్ని తిప్పింది. బొటనవేలితో వెనకవైపు మెల్లిగా తడిమింది. గుర్రం కాలు పట్టి వాపు వెతికేటప్పుడు నేను తడిమినట్టే. వేలు మధ్యలో ఆగింది.

"నాన్నా" అంది, పెదవులు కదిలించకుండా. "ఈ గుర్రం వయసెంత?"

"ఏ గుర్రం?"

"పళ్ళు చెక్కిన గుర్రం."

ముసలి గుర్రం పళ్ళు చెక్కి, నల్లటి గుర్తులు పెట్టి, పడుచుదని అంటగట్టే దొంగలు ఉంటారు. వాళ్ళని ఎలా పట్టుకోవాలో తనకి నేర్పినవాణ్ణి నేనే. నా చెవులు కాలిపోయాయి. తను ఆ చెక్కని బెంచీ కింద బోర్లా పెట్టి, దొంతర దగ్గరికి వెళ్ళి, పైనున్నవి రెండు పక్కన పెట్టి మూడోది తీసింది. మార్కర్ పెన్నుతో దాని మీద ఒక్కటే మాట రాసింది. సోమవారం.

చెక్కని రెండు చేతులతో ఛాతీ ఎదురుగా పట్టుకున్నాను. తను కాళ్ళు ఎడంగా పెట్టింది. హాలు లెక్కపెట్టింది. మూడు, రెండు, ఒకటి.

దెబ్బ పడింది. విరగలేదు. బరువైన పుస్తకం కింద పడిన చప్పుడు.

"పర్లేదు, పర్లేదు" అంది మార్లూస్. "చెక్కని చూడకు రూలీన్. చెక్క వెనక ఏముందో అక్కడికి కొట్టు."

చెక్క వెనక నేనున్నాను. మళ్ళీ లెక్కపెట్టారు. ఈసారి తను "హా" అని అరిచింది కూడా. దెబ్బ గట్టిగానే పడింది, నా భుజాల దాకా వచ్చింది. చెక్క విరగలేదు. రూలీన్ చెయ్యి ఛాతీకి లాక్కుని మణికట్టు పట్టుకుంది. అరచేతి అడుగున ఎర్రగా పొంగడం నాకు కనిపిస్తోంది. ఎక్కడో ఒక చిన్నపిల్ల, "ఆ అక్కకి ఎందుకు విరగట్లేదు?" అంది. ఎవరో ఉష్ అన్నారు.

మార్లూస్ దగ్గరికి వచ్చి చెయ్యి చూసింది. "ఈరోజుకి ఇక్కడితో ఆపుదాం. ఇందులో ఓడిపోవడం ఏమీ లేదు. వచ్చే నెల ఇంకో బృందం ఉంది, అప్పుడు రావచ్చు."

"చాలు" అంది తీనెకే బెంచీ మీదినుంచి. "హార్మ్, ఆపెయ్."

ఆపడానికి నాకేం అభ్యంతరం. కానీ ఆపితే బేరం ముగిసిపోతుంది. బుధవారం విరగలేదు, అంతే. సోమవారం ఉండదు, ఆ తర్వాతి సోమవారమూ ఉండదు. పిల్ల పైగదిలో కిటికీ తెర వేసుకుని పెద్దదవుతుంది, నేను కింద నోరు మూసుకుని బూట్లు విప్పుకుంటూ ఉంటాను.

"నేను పట్టుకుంటాను" అన్నాడు బెరెండ్, లేచి వస్తూ. "మీ నాన్న చేతులు గుర్రపు వెంట్రుకలు దువ్వడానికే పనికొస్తాయి. ఇలా ఇవ్వరా హార్మ్."

సరే అని ఇవ్వబోయాను.

"వద్దు" అంది రూలీన్. "బేరం నీతో కాదు బెరెండ్ మామా." నా వైపు తిరిగింది. ముఖం పాలిపోయి ఉంది, కళ్ళు మాత్రం నా ముఖాన్ని వదలడం లేదు. "నాన్నా, నువ్వు బేరమాడుతున్నావు."

"నేనా? నోరు కూడా విప్పలేదే!"

"చేతులతో. నేను కొట్టేలోపే వెనక్కి తీసేస్తున్నావు. సంతలో లాగా."

కాదని చెప్పబోయి ఆగాను. హాలు 'ఒకటి' అనగానే నా మోచేతులు మడత పడుతున్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. చెక్క దెబ్బతో పాటే వెనక్కి పోతోంది. ఎదురు నిలబడనిది ఎలా విరుగుతుంది! ముప్ఫై ఏళ్ళుగా చేతులు నేర్చుకున్న మర్యాద అది. వద్దంటే మానేది కాదు.

"ఈసారి గట్టిగా పట్టుకుంటాను" అన్నాను.

"పట్టుకోలేవు. నువ్వు నా కళ్ళు చూసి ఎప్పుడు కొడతానో తెలుసుకుంటావు. కళ్ళు మూసుకో."

మూసుకున్నాను. తను హాలు వైపు తిరిగినట్టు గొంతు చెప్పింది. "ఎవరూ లెక్కపెట్టొద్దు."

ఆ మాట ముందు వరసకే చేరింది. వెనకనుంచి ఎవరో అలవాటుగా "మూడు..." అని ఎత్తుకున్నారు.

"లెక్కపెట్టొద్దని చెప్పాను!"

అంత గొంతు ఆ పిల్లకి ఉందని నాకు తెలియదు. హాలు ఒక్కసారిగా ఆగిపోయింది. కాఫీ కప్పుల చప్పుడు కూడా లేదు.

కళ్ళు మూసుకుని నిలబడడం ఏమంత కష్టమని అనుకుంటాం. చీకట్లో చెక్క బరువెక్కింది. తను ఎంత దూరంలో ఉందో తెలియదు. రబ్బరు బూటు నేల మీద కిర్రుమంది, తర్వాత అదీ లేదు. ఇప్పుడా? కాదు. ఇప్పుడు? నా మోచేతులు దెబ్బ కోసం వెతుక్కుంటున్నాయి, ఎటు తప్పుకోవాలో తెలియక అలాగే ఉండిపోయాయి. దెబ్బ వస్తుందన్న ఆశ పోయి, తను వెనక్కి వెళ్ళిపోయిందేమో, ఏడుస్తోందేమో అనిపించింది. కళ్ళు తెరవబోయాను. సరిగ్గా అప్పుడు తగిలింది.

ఫట్‌మంది. ఆ చప్పుడుకి హాలంతా లేచింది. చప్పట్లు, ఈలలు. బెరెండ్ నా వీపు మీద గుద్దాడు. తీనెకే పరుగెత్తుకొచ్చి పిల్లని పట్టుకుంది. మార్లూస్ రెండు చేతులూ పైకెత్తి, "విరిగింది! చూశారా, విరిగింది!" అంది.

నేను కళ్ళు తెరిచి చెక్కని చూశాను. సోమవారం అన్న మాట మధ్యనుంచి పగులు కిందిదాకా దిగింది. కానీ ఒక అంచున ముడి ఉన్నచోట రెండు ముక్కలూ ఇంకా అతుక్కునే ఉన్నాయి. మెల్లిగా మెలిపెడితే చాలు, ఊడిపోతాయి. నా వేళ్ళు అప్పటికే ఆ పనికి సిద్ధమయ్యాయి.

రూలీన్ తల్లి చేతుల్లోంచి బయటికి వచ్చి చెక్కని నా చేతిలోంచి తీసుకుంది. వెలుతురుకి ఎత్తి చూసింది.

"విరగలేదు" అంది. "పగిలింది."

"అది విరిగినట్టే తల్లీ" అంది మార్లూస్.

"రెండు ముక్కలు కాలేదు." నన్ను చూసింది. "నాన్నా, నువ్వు చెప్పు. ఇది ఎవరైనా అమ్మితే నువ్వు ఏమంటావు?"

అందరూ నా నోటి వంక చూస్తున్నారు. తీనెకే కళ్ళు 'విరిగిందను' అని బతిమాలుతున్నాయి. ఒక్క మాట చాలు. సోమవారం నాదవుతుంది. కానీ బెంచీ కింద బోర్లా పడి ఉన్న చెక్కని చూసిన పిల్ల ఎదురుగా నిలబడి ఉంది. ఆ రోజుకి నా దగ్గర మిగిలిన నమ్మకం ఎంతో లెక్క వేశాను. ఇంకో అబద్ధానికి సరిపోయేంత లేదు.

"విరగలేదు" అన్నాను.

ఇంటికి వచ్చాం. తీనెకే వాచిన చేతికి ఐసు పెట్టి కట్టు కట్టింది. ఎముకకి ఏమీ కాలేదంది. రూలీన్ పైకి వెళ్ళాక నా మీద విరుచుకుపడింది. "ఆ పిల్ల ఇంకేం చేస్తే నీకు చాలు? నలభైమంది విరిగిందంటే నువ్వొక్కడివి విరగలేదంటావా?"

"తనే అంది."

"తను పదమూడేళ్ళ పిల్ల! నువ్వు తండ్రివి! రేపు పొద్దున కూర్చోబెట్టి చెప్పు, సోమవారం వెళ్ళాల్సిందేనని."

"చెప్పలేను. చెయ్యి పట్టాను."

"ఆ చెయ్యి నరికి కొట్టంలో వేలాడదీసుకో" అంది. ఆ రాత్రి నాతో అదే ఆఖరి మాట.

గురువారం, శుక్రవారం. శనివారం నేను ఒక గుర్రాన్ని చూడడానికి ఎమ్మెన్ దాకా వెళ్ళి, ఏం చూశానో తెలియకుండా తిరిగొచ్చాను. ఆదివారం భోజనాల దగ్గర బడి అనే మాట రాకుండా ముగ్గురం చాలా జాగ్రత్తగా బంగాళాదుంపలు తిన్నాం. ఆ మాట నా నాలుక కొసనే ఉంది. ఒకసారి ఉప్పు అడగబోయి నోరు తెరిస్తే రూలీన్ చప్పున తలెత్తింది. ఉప్పు అడిగాను.

సోమవారం తెల్లవారింది. నేను కింద కాఫీ ముందు కూర్చున్నాను. తీనెకే మెట్ల మొదట్లో నిలబడి పైకి చూస్తోంది. రూలీన్ బయలుదేరవలసిన వేళయింది. పైన నేల చెక్కలు కదిలాయి, తర్వాత మంచం కిర్రుమంది. అంతే. వీధిలో పిల్లల సైకిళ్ళు గుంపుగా వెళ్ళిపోయాయి. తీనెకే డ్యూటీకి వెళ్ళిపోతూ తలుపు గట్టిగా వేసింది.

తర్వాత బడి హాజరు చూసే అధికారి ఫోన్ చేశాడు. ఈరోజునుంచి వస్తుందని పోయిన వారం మీరే చెప్పారు కదా, ఏమైందని.

"నేను తనని అడగలేనండీ. మాటిచ్చాను" అన్నాను.

"ఇది గుర్రాల సంత కాదు ఊస్టింగ్ గారూ" అన్నాడు, నన్ను ఇంటిపేరుతో పిలుస్తూ.

"అది నాకూ తెలుసు. సంతైతే ఈపాటికి తేలిపోయేది."

ఒక వారం చూస్తానని, ఆ తర్వాత వ్యవహారం తన చేతుల్లో ఉండదని ఆయన చెప్పాడు. ఫోన్ పెట్టేసి చూస్తే రూలీన్ మెట్ల మీద కూర్చుని ఉంది. అంతా విన్నదన్నమాట. లేచి పైకి వెళ్ళిపోయింది.

మంగళవారం పొద్దున నేను కొట్టంలో కుంటి గుర్రం గిట్ట శుభ్రం చేస్తున్నాను. గుమ్మంలో నీడ పడింది. తల ఎత్తలేదు. కొట్టానికి రావడం మానేశాక తను ఈ గడప దగ్గరికి రావడం అదే మొదలు. గుర్రం చెవులు అటు తిప్పింది.

"అడగవా?" అంది.

"అడగను."

"అమ్మ పోరుతోంది కదా?"

"పోరుతోంది."

"ఆ ఫోన్ ఆయన?"

"ఆయనా పోరుతున్నాడు."

గడప మీదికి ఒక కాలు పెట్టింది. "అయితే నువ్వు నిజంగానే ఎప్పటికీ అడగవు."

గిట్ట కింద పెట్టాను. "చెయ్యి పట్టాను కదమ్మా."

లోపలికి వచ్చింది. ఎడమ చెయ్యి చాపింది. "కొత్త బేరం."

"ఎడమ చేత్తో బేరాలు లేవు."

తను కట్టు ఉన్న కుడిచేతిని చూసుకుంది. మెల్లిగా కట్టు విప్పింది. అరచేతి అడుగున పసుపూ నీలమూ కలిసిన మచ్చ. చెయ్యి ఎత్తి పట్టాను.

"వారానికి రెండు రోజులు" అని చరిచింది. తన ముఖం ముడుచుకుంది.

"ఐదు." తాకీ తాకనట్టు చరిచాను.

"మూడు." ఈసారి ఇంకా గట్టిగా. నా చెయ్యి కదల్లేదు. కదలకుండా ఉంచడానికి పళ్ళు బిగించాల్సి వచ్చింది.

"ఐదు."

"నువ్వు ఎప్పుడూ సగానికి దిగుతావు కదా?" అంది. కళ్ళలో నొప్పికి నీళ్ళు. "నాలుగు అను నాన్నా."

నాలుగు అనడానికి నోరు పీకుతోంది. నాలుగంటే పిల్ల నవ్వుతుంది, తీనెకే నవ్వుతుంది, మధ్యాహ్నం అందరం కలిసి కేకు తింటాం. ఆ తర్వాత ప్రతి వారం ఆ వదిలిపెట్టిన ఒక్క రోజు గురించి మళ్ళీ బేరం.

"ఐదు" అన్నాను.

తను చెయ్యి దించేసింది. అయిపోయింది, వెళ్ళిపోతుంది అనుకున్నాను. వెళ్ళలేదు. గుర్రం మెడ మీద నుదురు ఆనించి నిలబడింది. జుట్టుకి వాసన పడుతుందన్న భయం అప్పుడు గుర్తురాలేదో, వచ్చినా లెక్కచేయలేదో.

"ఐదైతే షరతులు నావి" అంది గుర్రం మెడలోకే. "మే సెలవుల దాకా మధ్యాహ్నం వరకే. క్లాస్ టీచర్‌తో నేనే మాట్లాడతాను, నువ్వు రాకూడదు. అమ్మ కూడా రాకూడదు. నేను ఇంటికొచ్చాక ఎలా జరిగిందని ఎవరూ అడగకూడదు."

"అది కూడా అడగకూడదా?"

"అది అస్సలు అడగకూడదు."

తిరిగి చెయ్యి చాపింది. ఈసారి చరచలేదు. పట్టుకున్నాను. వాచిన చెయ్యి వేడిగా ఉంది.

బుధవారం పొద్దున తను సైకిల్ తీస్తుంటే నేను కొట్టంలోంచి బయటికి రాలేదు. తీనెకే సెలవు పెట్టింది, కిటికీ దగ్గరనుంచి కదల్లేదు. ఆ పూట నేను గుర్రాల నీళ్ళ తొట్లు నిండి ఉండగానే మళ్ళీ నింపాను. పదింటికి ఫోన్ మోగితే ఇద్దరం ఒకేసారి పరుగెత్తాం. బెరెండ్. గడ్డి కావాలట. "పిల్ల వెళ్ళిందా?" అన్నాడు. "వెళ్ళింది" అన్నాను. "ఎలా ఉంటుందంటావ్?" "అడక్కూడదు" అన్నాను. "నన్ను కూడానా?" అని పెద్దగా నవ్వాడు.

ఒంటిగంట దాటాక ఇటుకల దారి మీద సైకిల్ చప్పుడైంది. రూలీన్ వచ్చి బ్యాగు బల్ల మీద పడేసింది. రొట్టె మీద వెన్న రాసి, దాని మీద చాక్లెట్ తురుము గుట్టగా పోసుకుంది. తీనెకే ఒకే గిన్నెని మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను.

సగం రొట్టె తిన్నాక తను అంది. "సెంటు చల్లారు."

రొట్టె ఇంకో ముక్క కొరికింది.

"పక్కనున్న ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. నేను లేవలేదు. టీచర్‌తో చెప్పాను. ఆవిడ రేపు మాట్లాడుదామంది. రేపు మాట్లాడకపోతే మళ్ళీ చెప్తాను." నమిలి మింగింది. "చాలా ఘోరంగా ఉంది. రేపు లెక్కల పరీక్షట. నాకు ఒక్క ముక్క రాదు. నాన్నా, శాతాలు చెప్తావా?"

శాతాలు నాకు బాగా వచ్చు. సాయంత్రం దాకా కూర్చుని చెప్పాను.

ఇప్పుడు లెక్క చూస్తే, ఒక సోమవారం పోయింది. మంచి పనితనంతో చేసిన ఒక దొంగ చెక్క పోయింది, దానితో పాటు కూతురి దగ్గర నాకున్న పేరులో కొంత పోయింది. అది ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. అడిగే హక్కు పోయింది. క్లాసులో సెంటు చల్లడం జూన్ దాకా ఆగలేదు, అది కూడా నష్టాల కిందే రాయాలి. వచ్చినదంటే, ఎవరూ అడగకుండా పిల్ల తనంతట తాను చెప్పిన ఆ నాలుగు మాటలు. ఆ తర్వాత కూడా, అప్పుడప్పుడూ, తన ఇష్టం వచ్చిన రోజున, ఇంకొన్ని.

మా వ్యాపారంలో దీన్ని లాభమనే అంటారు.